వాడేవాడూ అమ్మేవాడూ ఒక్కడే అయితే? – మత్తుమందుల చట్టం, శిక్ష, కులం

మత్తుమందుల కేసుల్లో మన సమాజానికి ఇద్దరు మనుషులే తెలుసు. ఒకడు వాడేవాడు. అతను రోగి, జాలిపడాలి, వైద్యం ఇప్పించాలి. రెండోవాడు అమ్మేవాడు. అతను సంఘ శత్రువు, ఏళ్ల తరబడి లోపల పెట్టాలి. పత్రికల్లో, సినిమాల్లో, అసెంబ్లీ ప్రసంగాల్లో ఈ ఇద్దరే కనపడతారు. కానీ బస్తీల్లో, రైలుపట్టాల పక్కన, బస్టాండు వెనకాల పోలీసులకు తరచుగా చిక్కేది మూడోవాడు. తెల్లారేసరికి ఒళ్లు వణుకుతుంది, ఆ వణుకు ఆగాలంటే ఒక పొట్లం కావాలి. పొట్లానికి డబ్బు కావాలి. వణికే చేతులకు కూలిపని ఎవడిస్తాడు? పది పొట్లాలు అమ్మిపెడితే రెండు పొట్లాలు ఊరికే ఇస్తానంటాడు పైవాడు. ఇతను అమ్ముతాడు, పట్టుబడతాడు. పైవాడు పట్టుబడడు.

ఈ మూడోవాడికి ఏ శిక్ష వెయ్యాలి? అతన్ని వాడేవాడి కింద లెక్కగట్టాలా, అమ్మేవాడి కిందా? ఈ వ్యాసంలో మేము వివరించదలచుకున్నది ఈ ఒక్క ప్రశ్నే. చట్టంలో అతని కోసం ఒక చిన్న తలుపు ఉంది. ఆ తలుపు ఉందని అతనికి తెలియదు, అతని ప్లీడరు చాలాసార్లు అడగడు, కోర్టు తనంతట తాను తీయదు. ఆ తలుపు దాటితే ఇక చట్టం మనిషిని చూడదు, తక్కెడను చూస్తుంది. ఆ తక్కెడ ముందు ఎవరు నిలబడుతున్నారన్నది కులం ప్రశ్న. అందుకే ఇది కేవలం ప్లీడర్ల వ్యవహారం కాదు, దళిత ఉద్యమం పట్టించుకోవలసిన వ్యవహారం.

1985: ఒకే ఏడాది, రెండు కొలతలు

నార్కోటిక్ డ్రగ్స్ అండ్ సైకోట్రోపిక్ సబ్‌స్టాన్సెస్ చట్టం, క్లుప్తంగా ఎన్‌డిపిఎస్ చట్టం, 1985 నవంబర్ 14న అమల్లోకొచ్చింది. అంతకుముందు 1857, 1878 నాటి నల్లమందు చట్టాలు, 1930 నాటి డేంజరస్ డ్రగ్స్ చట్టం ఉండేవి. వాటిలో శిక్షలు తక్కువ. కొత్త చట్టం హెరాయిన్ లాంటి వాటికి కనీస శిక్షే పదేళ్లు, గరిష్ఠం ఇరవయ్యేళ్లు అని రాసింది. జరిమానా కనీసం లక్ష రూపాయలు. సొంత వాడకానికి కొద్దిపాటి దగ్గరుంటే మాత్రం తక్కువ శిక్ష. ఆ కొద్దిపాటి ఎంత? హెరాయిన్ అయితే 250 మిల్లీగ్రాములు. అది సొంతానికేనని రుజువు చేసుకోవలసిన బరువు కూడా నిందితుడి మీదనే పెట్టారు. ఒక్క పొట్లం అమ్మినా పదేళ్లే. వ్యసనం ఉందా లేదా అన్న ప్రశ్నే లేదు.

అదే 1985 జూలై 17న కారంచేడులో మాదిగపల్లె మీద దాడి జరిగింది. దళితుల మీద అత్యాచారాలకు ప్రత్యేక చట్టం రావడానికి ఇంకో నాలుగేళ్లు, 1989 దాకా, ఆగవలసి వచ్చింది. ఆ చట్టంలో మూడో సెక్షన్ కింద చాలా నేరాలకు కనీస శిక్ష ఆరు నెలలు. దళితుడి నోట్లో మలం కుక్కినవాడికి కనీసం ఆరు నెలలు, హెరాయిన్ పొట్లం అమ్మినవాడికి కనీసం పదేళ్లు! ఈ రెండు కొలతలూ ఒకే పార్లమెంటు చేతిలో, ఒకే దశాబ్దంలో తయారైనవి. దేనికి భయపడాలో, దేన్ని సర్దుకుపోవాలో రాజ్యానికి బాగా తెలుసు.

గంజాయి నిర్వచనం చూడండి. మొక్క పూత గంజాయి. పూత కలవని ఆకు, గింజ గంజాయి కాదు. అందుకే హోళీకి, శివరాత్రికి తాగే భంగు ఈ చట్టం కిందికి రాదు. కొన్ని ఉత్తరాది రాష్ట్రాల్లో ప్రభుత్వ లైసెన్సుతోనే భంగు దుకాణాలు నడుస్తాయి. ఒకే మొక్క, ఒకే మత్తు. పండగ పేరుతో తాగితే ఆచారం, చిలుంలో పీలిస్తే నేరం. మేము భంగు తాగేవాళ్లను కూడా జైల్లో పెట్టమనడం లేదు. గీత గీసేవాడికి తనవాళ్లు ఎటువైపు ఉన్నారో తెలుసునని మాత్రమే అంటున్నాం.

తక్కెడ

పదేళ్ల కనీస శిక్ష అన్యాయంగా ఉందని, చిల్లరగాళ్లు మాత్రమే దానికి బలవుతున్నారని చివరికి ప్రభుత్వమే ఒప్పుకోక తప్పలేదు. 2001లో చట్టాన్ని సవరించి శిక్షను తూకానికి ముడిపెట్టారు. అప్పటినుంచి మూడు మెట్లు: చిన్న తూకం, వ్యాపార తూకం, ఆ రెంటికీ మధ్యది. గంజాయికి ఒక కిలో దాకా చిన్నది, 20 కిలోలు దాటితే వ్యాపారం. హెరాయిన్‌కు 5 గ్రాముల దాకా చిన్నది, 250 గ్రాములు దాటితే వ్యాపారం. నల్లమందుకు 25 గ్రాములు, రెండున్నర కిలోలు. చరస్‌కు 100 గ్రాములు, ఒక కిలో.

చిన్న తూకమైతే ఏడాది దాకా కఠిన శిక్ష, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. 2014 దాకా ఇది ఆరు నెలలే, ఆ ఏడు సవరణలో ఏడాది చేశారు. మధ్య తూకమైతే పదేళ్ల దాకా, లక్ష దాకా జరిమానా. ఇక్కడ కనీస శిక్ష లేదు, ఎంత వెయ్యాలన్నది జడ్జి ఇష్టం. వ్యాపార తూకమైతే పదేళ్లకు తగ్గకూడదు, ఇరవయ్యేళ్ల దాకా వెయ్యవచ్చు. జరిమానా లక్షకు తగ్గకూడదు.

వినడానికి బాగానే ఉంది. చిల్లరవాడికి చిన్న శిక్ష, పెద్దవాడికి పెద్ద శిక్ష. కానీ తక్కెడకు ఒక జబ్బుంది. అది సరుకును తూస్తుంది గానీ లాభాన్ని తూయదు. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల మీంచి కూలికి గంజాయి మూట మోసుకొచ్చే ఆదివాసి కుర్రాడి భుజం మీద పాతిక కిలోలుంటాయి. సరుకు అతనిది కాదు, లాభం అతనిది కాదు. తక్కెడ దృష్టిలో అతను పెద్ద వ్యాపారి. పెట్టుబడి పెట్టినవాడి చేతిలో మూట ఉండదు కాబట్టి తక్కెడ దృష్టిలో అతను లేనే లేడు.

మన మూడోవాడి సంగతి ఇంకా ఘోరం. వీధిలో దొరికే హెరాయిన్ స్వచ్ఛమైనది కాదు. చేతులు మారేకొద్దీ ఏవేవో పొడులు కలుస్తాయి. మరి తూయవలసింది అసలు మందునా, మొత్తం పొడినా? అసలు మందునే లెక్కపెట్టాలని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. 2009లో కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చి మొత్తం పొడినే తూయాలంది. 2020 ఏప్రిల్‌లో ముగ్గురు జడ్జీల సుప్రీంకోర్టు బెంచి 2008 నాటి తీర్పును పక్కనపెట్టి మొత్తం మిశ్రమం బరువే లెక్క అని తేల్చింది. దీని అర్థమేంటి? ఒకడి దగ్గర 260 గ్రాముల పొడి దొరికిందనుకుందాం. అందులో హెరాయిన్ 20 గ్రాములే ఉందనుకుందాం. 2008 లెక్కన అది మధ్య తూకం, జడ్జి రెండేళ్లు వేసినా వెయ్యవచ్చు. ఇప్పటి లెక్కన పదేళ్లకు తగ్గదు. స్వచ్ఛమైన సరుకు తెచ్చేవాడు పైన ఉంటాడు. పిండి కలిపిన సరుకు అమ్మేవాడు కింద ఉంటాడు. ఆ పిండి బరువు కూడా కిందివాడే మొయ్యాలి.

చిన్న తలుపు

ఇక తలుపు సంగతి. చట్టంలో 39, 64ఎ అని రెండు సెక్షన్లున్నాయి. కార్యకర్తలు, న్యాయ విద్యార్థులు ఈ రెంటినీ బాగా చదవాలి.

39వ సెక్షన్ శిక్ష వేసే దశకు సంబంధించింది. వ్యసనపరుడు వాడకం నేరంలో గానీ, చిన్న తూకానికి సంబంధించిన నేరంలో గానీ దోషి అని తేలితే, అతని వయసు, నడత, గత చరిత్ర, శరీర మానసిక స్థితి చూసి, కోర్టు వెంటనే జైలుకు పంపకుండా, అతని సమ్మతితో, ప్రభుత్వ ఆస్పత్రికి గానీ ప్రభుత్వం గుర్తించిన కేంద్రానికి గానీ చికిత్సకు పంపవచ్చు. బాండు రాయించుకుంటారు. ఏడాదిలోపు చికిత్స ఫలితం మీద రిపోర్టు కోర్టుకు ఇవ్వాలి. రిపోర్టు బాగుంటే మందలించి, మూడేళ్లకు మించని కాలానికి మళ్లీ బాండు తీసుకుని వదిలిపెట్టవచ్చు.

64ఎ అంతకంటే ముందు దశకు సంబంధించింది. అలాంటి నేరం మోపబడిన వ్యసనపరుడు తనంతట తాను చికిత్సకు ముందుకొచ్చి, చికిత్స చేయించుకుంటే, ఆ కేసులో అతన్ని విచారించకూడదు. చికిత్స మధ్యలో వదిలేస్తే మాత్రం ఈ రక్షణ పోవచ్చు.

ఇక్కడ ఒక్క మాట జాగ్రత్తగా చూడాలి. రెండు సెక్షన్లలోనూ వాడకం నేరంతో పాటు చిన్న తూకం నేరాల ప్రస్తావన విడిగా ఉంది. చిన్న తూకం నేరాల్లో దగ్గర ఉంచుకోవడమే కాదు, అమ్మడం కూడా ఉంది. అంటే నాలుగు గ్రాముల హెరాయిన్ అమ్ముతూ దొరికినవాడు వ్యసనపరుడైతే ఈ తలుపు అతనికీ తెరవాలి. "వాడు అమ్మాడండీ, వాడికి చికిత్స ఏంటి?" అని ఎవరైనా అంటే, చట్టం మాటలు చదివి వినిపించవచ్చు.

మరి ఎంతమంది ఈ తలుపులోంచి వెళ్లారు? దీనికి పంజాబ్‌లో జవాబు దొరికింది. మత్తుమందుల సమస్య అంటే దేశమంతా పంజాబ్ పేరే చెబుతారు. దేశంలో దళితుల నిష్పత్తి అన్నిటికంటే ఎక్కువ ఉన్న రాష్ట్రం కూడా అదే. 2011 జనాభా లెక్కల్లో 31.9 శాతం. 2013–2015 మధ్య అక్కడి ప్రత్యేక కోర్టుల కేసులను పరిశీలించి విధి సెంటర్ ఫర్ లీగల్ పాలసీ అనే పరిశోధన సంస్థ 2018లో ఒక నివేదిక ఇచ్చింది. వేల కేసులు చూశారు. వాటిలో కోర్టు వ్యసన విముక్తి చికిత్సకు పంపిన మనిషి ఒక్కడూ కనిపించలేదు. ఒక్కడూ! ఊరంతా వ్యసనం ఉందని ప్రభుత్వమే చెప్పే రాష్ట్రంలో, కోర్టు బోనులో మాత్రం వ్యసనపరుడే లేడు.

ఎందుకని? మొదటి కారణం, ఎవరు వ్యసనపరుడో తేల్చేవాళ్లు లేరు. మత్తుమందు మీద ఆధారపడినవాడు అని చట్టం నిర్వచనం ఇచ్చింది గానీ, అరెస్టయిన ప్రతివాడినీ ఆ ప్రశ్నతో డాక్టరు పరీక్షించే ఏర్పాటు చెయ్యలేదు. హెరాయిన్ మానేసిన మొదటి వారం రోజులే మనిషి ఒళ్లు సాక్ష్యం చెబుతుంది. వాంతులు, విరేచనాలు, ఒళ్లునొప్పులు, నిద్రలేమి. ఆ రోజుల్లో అతను లాకప్పులోనో, రిమాండులోనో ఉంటాడు. "వేషాలెయ్యకురా" అంటారు. విచారణ మొదలయ్యేనాటికి ఆ సాక్ష్యం ఒంట్లో ఉండదు. రెండో కారణం, తలుపు వెడల్పు మరీ తక్కువ. అయిదు గ్రాములకు పైన ఒక్క గ్రాము ఎక్కువైనా 39 లేదు, 64ఎ లేదు. మూడో కారణం, పంపడానికి చోటు లేదు. ఎయిమ్స్ వైద్యులు కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం చేసిన సర్వే నివేదిక 2019లో వచ్చింది. మద్యం కాక ఇతర మత్తుమందులకు బానిసలైనవాళ్లలో ఆస్పత్రిలో చేరి చికిత్స పొందినవాళ్లు 20 మందిలో ఒక్కరే అని అందులో తేలింది.

తలుపు దాటితే

చిన్న తూకం దాటినవాడికి చట్టం ఏం మిగిల్చింది? 33వ సెక్షన్ ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండినవాడికి ప్రొబేషన్ లేదు, వాడకం లాంటి ఒకటి రెండు నేరాలకు తప్ప. 32ఎ ప్రకారం పడిన శిక్షలో తగ్గింపు లేదు. శిక్షను నిలిపివేసే అధికారం అప్పీలు కోర్టుకు కూడా లేకుండా చేశారు. ఆ భాగం రాజ్యాంగ విరుద్ధమని 2000లో సుప్రీంకోర్టు కొట్టేసింది. హంతకుడికి దొరికే తగ్గింపు పొట్లాలమ్మినవాడికి దొరకదు.

2001లో చేర్చిన 32బి సెక్షన్ ఇంకా విచిత్రం. కనీస శిక్ష కంటే ఎక్కువ వేసేటప్పుడు చూడవలసిన అంశాల జాబితా అందులో ఉంది: ఆయుధాలు వాడాడా, మైనర్లను వాడుకున్నాడా, ప్రభుత్వోద్యోగా, బడి దగ్గర చేశాడా, అంతర్జాతీయ ముఠాలో ఉన్నాడా. మంచిదే. మరి శిక్ష తగ్గించడానికి చూడవలసిన అంశాల జాబితా ఏది? వ్యసనం, పేదరికం, పైవాడి ఒత్తిడి, ఏదీ లేదు. ఎక్కడానికి మెట్లు కట్టారు, దిగడానికి కట్టలేదు.

కోర్టులు కూడా ఈ దారినే నడిచాయి. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ముందుకు పంజాబ్ నుంచి ఒక అప్పీలు వచ్చింది. కిలో హెరాయిన్, పదిహేనేళ్ల శిక్ష, రెండు లక్షల జరిమానా. తాను పేదవాడినని, మోసేవాడిని మాత్రమేనని, ఇదే మొదటి నేరమని, పదేళ్లకు తగ్గించమని అతను వేడుకున్నాడు. వ్యాపార తూకానికి నాలుగు రెట్లు దొరికింది కాబట్టి, సమాజ శ్రేయస్సు ముందు ఈ సొంత ఇబ్బందులు నిలవవని కోర్టు పదిహేనేళ్లనే ఖాయం చేసింది. ఇక్కడా మాట్లాడింది తక్కెడే.

జరిమానా సంగతి వేరే చెప్పాలి. లక్ష కట్టలేనివాడు దాని బదులు ఇంకొంత కాలం లోపలే ఉండాలి. అంటే ఒకే నేరానికి డబ్బున్నవాడికి ఒక శిక్ష, లేనివాడికి ఇంకో శిక్ష. 2012లో గుజరాత్ కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు ఈ అదనపు జైలును మూడేళ్ల నుంచి ఆరు నెలలకు తగ్గించింది. పేద నిందితుల ప్లీడర్లు వాడుకోదగ్గ తీర్పు అది.

ఇంకొక ఉచ్చు ఉంది. చిన్న కేసుల్లో జామీను దొరకని పేదవాడు రెండు మూడు నెలలు రిమాండులో ఉండి, "ఒప్పుకుంటే ఉన్నకాలంతో సరిపెడతారు, ఇంటికెళ్తావు" అంటే తలాడిస్తాడు. ఇంటికైతే వస్తాడు. కానీ అది శిక్షపడిన నేరం కింద రికార్డులో ఉంటుంది. రెండోసారి అలాంటి నేరంలోనే దొరికితే 31వ సెక్షన్ కింద గరిష్ఠ శిక్ష ఒకటిన్నర రెట్లు అవుతుంది. వ్యసనం మళ్లీ మళ్లీ తిరగబెట్టే జబ్బని వైద్యులు అంటారు. తిరగబెట్టిన జబ్బును చట్టం మొండి నేరస్వభావం అంటుంది. పైగా జైల్లో కొన్నాళ్లు మందు లేక ఒంటికి ఓర్చుకునే శక్తి తగ్గిపోతుంది. బయటికొచ్చి పాత మోతాదే తీసుకుంటే ప్రాణమే పోవచ్చు. విడుదలైన మొదటి రోజులు అందుకే అతి ప్రమాదం. శిక్ష కాగితం మీద ముగుస్తుంది, ఒంటి మీద ముగియదు.

కులం ఎక్కడుంది?

"చట్టంలో కులం మాటే లేదు కదా, మీరెందుకు తెస్తారు?" అని అడిగేవాళ్లుంటారు. నిజమే, చట్టంలో లేదు. చట్టం నడిచే దారిలో ఉంది. పెద్దింటి కుర్రాడు గేటు వేసిన ఇంట్లో, ఫాంహౌస్‌లో వాడతాడు. ఇల్లు సోదా చెయ్యాలంటే చట్టం ముందు వారంటో, వారంటు తెచ్చుకునే వ్యవధి లేకపోతే రాసిపెట్టిన కారణాలో అడుగుతుంది. బజారులో నిలబడినవాడి జేబు తడమడానికి అంత తతంగం అక్కర్లేదు. ముంబయి మేజిస్ట్రేట్ కోర్టుల కేసుల మీద అదే విధి సంస్థ 2020లో ఇచ్చిన నివేదికలో, గంజాయి వాడకం కేసుల్లో చిక్కేవాళ్లు ఎక్కువగా మురికివాడల, పేవ్‌మెంట్ల మనుషులు, రోజుకూలీలు అని తేలింది. పేవ్‌మెంటు మీద ఎవరుంటారో చెప్పడానికి సర్వే అక్కర్లేదు.

జాతీయ నేర రికార్డుల సంస్థ 2022 లెక్కల ప్రకారం దేశంలోని ఖైదీల్లో నలుగురిలో ముగ్గురు ఇంకా శిక్షపడని విచారణ ఖైదీలు. జనాభాలో 16.6 శాతం ఉన్న దళితులు జైళ్లలో దాదాపు ఐదో వంతు. జామీనుకు ఇల్లూ భూమీ చూపించాలి. భూమి లేనివాడికి జామీను ఎవడుంటాడు? లోపలికెళ్లాక కూడా కులం ఊరుకోదు. పలు రాష్ట్రాల జైలు మాన్యువళ్లలో వంట ఒక కులానికి, పాకీపని ఒక కులానికి అని రాసి ఉందని విలేఖరి సుకన్య శాంత కోర్టుకెక్కితే, 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు ఆ నిబంధనలను కొట్టేసింది. స్వాతంత్ర్యం వచ్చిన 77 ఏళ్లకు! అప్పటిదాకా మత్తుమందు కేసులో లోపలికెళ్లిన పాకీ కులస్తుడికి కోర్టు వేసిన శిక్ష ఒకటి, మనువు వేసిన శిక్ష ఇంకొకటి.

వ్యసనాన్ని నడతలోపంగా చూడటంలోనూ ఈ చూపే ఉంది. తెలంగాణ పల్లెల్లో, కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డయజెపాం కలిపి ఏళ్ల తరబడి కూలిజనానికి పోశారు. 2015 సెప్టెంబర్‌లో దాడులు జరిగి ఆ కల్లు ఒక్కసారిగా ఆగిపోయేసరికి పాలమూరు, నిజామాబాద్ జిల్లాల్లో జనం ఫిట్స్‌తో, వణుకుతో, మతిస్థిమితం తప్పి ఆస్పత్రులకు చేరారు. వాళ్లు ఏ మందుకు బానిసలయ్యారో వాళ్లకే తెలియదు. అవి రెండూ ఎన్‌డిపిఎస్ చట్టం కిందికొచ్చే మందులే. వ్యసనం అంటే బలిసినవాడి సరదా అనుకునేవాళ్లు ఆ ఆస్పత్రి వార్డులు గుర్తు తెచ్చుకోవాలి. పొద్దంతా మట్టి మోసి, ఒళ్లునొప్పికి తాగినవాళ్లు వాళ్లు.

వాడ మాట

ఇక్కడ మాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. అది కోర్టు నుంచి కాదు, వాడ నుంచే వస్తుంది. "మా పిల్లల్ని పాడుచేసినోడి మీద మీకు జాలేంటి?" అని తల్లులు అడుగుతారు. ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. పొట్లం అమ్మేవాడు ఎంత వ్యసనపరుడైనా, అతను అమ్మిన పొట్లం ఇంకొక దళిత కుర్రాడి నరంలోకి పోతుంది. అమ్మకం నేరమే. శిక్ష వద్దని మేము అనడం లేదు. ఏ శిక్ష అమ్మకాన్ని ఆపుతుందన్నదే ప్రశ్న. ఒక వ్యసనపరుణ్ణి పదేళ్లు లోపలేస్తే పైవాడు మర్నాడే ఇంకొక వ్యసనపరుణ్ణి నిలబెడతాడు. అతనూ ఆ వాడ పిల్లాడే. వాడ నుంచి ఇద్దరు పిల్లలు పోయారు, సరుకు పోలేదు.

మన ఆడవాళ్లు ఈ తేడాను కోర్టులకంటే ముందే గుర్తుపట్టారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా ఉద్యమం తాగే మగవాళ్లను జైల్లో వెయ్యమనలేదు. దుకాణం మూయమంది, పాట ఆపమంది, కాంట్రాక్టరును నిలదీసింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ ఉద్యమంలో ముందు నడిచిన కూలి స్త్రీలకు కోపం ఎవరిమీద చూపాలో తెలుసు. రాజ్యాంగం 47వ అధికరణ కూడా మత్తు పదార్థాల సంగతిని ప్రజారోగ్యం, పోషణ మెరుగుపరచడం అనే బాధ్యత కిందనే చెప్పింది, పోలీసు అధికారం కింద కాదు.

వేరే దేశాల్లో ఈ మూడోవాడు

అమెరికాలో నల్లవాళ్ల అనుభవం మనకు దగ్గరగా ఉంటుంది. 1986 చట్టం 5 గ్రాముల క్రాక్‌కు, 500 గ్రాముల కొకైన్ పొడికి ఒకే కనీస శిక్ష పెట్టింది, ఐదేళ్లు. మందు ఒకటే. క్రాక్ కేసుల్లో శిక్షపడినవాళ్లు అత్యధికంగా నల్లవాళ్లు. వంద రెట్ల ఈ తేడాను 2010లో పద్దెనిమిది రెట్లకు తగ్గించారు గానీ ఎత్తెయ్యలేదు. తక్కెడకు కూడా రంగు ఉంటుందని దీన్నిబట్టి తెలుస్తుంది. న్యూయార్క్ రాష్ట్రం 1973లో కఠినమైన కనీస శిక్షలు పెట్టింది. రెండు ఔన్సుల హెరాయిన్ అమ్మితే కనీసం పదిహేనేళ్లు, గరిష్ఠం జీవితాంతం. ముప్ఫై ఆరేళ్లు జైళ్లు నింపాక, 2009లో చట్టం మార్చి, వ్యసనపరులైన నిందితులను, కొన్ని అమ్మకం కేసుల్లో కూడా, జైలుకు బదులు చికిత్సకు పంపే అధికారం జడ్జీలకు ఇచ్చింది.

పోర్చుగల్ ఇంకో అడుగు వేసింది. 2001లో సొంత వాడకాన్ని నేరాల జాబితాలోంచి తీసేసిన సంగతి చాలామందికి తెలుసు. అంతకంటే మనకు పనికొచ్చేది 1993 నాటి వాళ్ల చట్టంలోని 26వ అధికరణ. కేవలం తన వాడకానికి మందు సంపాదించుకోడానికే అమ్మినవాణ్ణి అది 'వాడే అమ్మకందారు' అని వేరుచేసి పేరు పెట్టి పిలుస్తుంది. మామూలు అమ్మకందారుకు నాలుగు నుంచి పన్నెండేళ్లైతే, ఇతనికి గరిష్ఠం మూడేళ్లు, లేదా జరిమానా. పేరు పెట్టడం చిన్న సంగతి కాదు. పేరుంటే జడ్జి ఆ ప్రశ్న అడగక తప్పదు: ఇతను లాభానికి అమ్మాడా, ఒంటి బాధకు అమ్మాడా? మన చట్టంలో ఈ మనిషికి పేరు లేదు. మన దేశం సంతకం చేసిన 1961 అంతర్జాతీయ ఒప్పందం, 1972 సవరణతో, శిక్షకు బదులు చికిత్స పెట్టుకునే వీలు ఇచ్చింది. అడ్డు బయట లేదు, ఇంట్లోనే ఉంది.

ఏం చెయ్యాలి?

చట్టం మారేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. వాడలో ఎవరైనా ఇలాంటి కేసులో అరెస్టయితే కార్యకర్తలు వెంటనే చెయ్యదగినవి కొన్ని ఉన్నాయి.

మొట్టమొదటిది వైద్య పరీక్ష. మేజిస్ట్రేటు ముందు మొదటిసారి నిలబెట్టిన రోజునే, వ్యసనం ఉందని, డాక్టరు చేత పరీక్ష చేయించమని రాతపూర్వకంగా అడగాలి. లాకప్పులో కనపడిన వణుకు, వాంతులు రిపోర్టులోకెక్కాలి. పాత చికిత్స చీటీలు, మందుల దుకాణం కాగితాలు ఏవున్నా ఇంట్లోవాళ్లు దాచిపెట్టాలి. ఎర్రగడ్డ, విశాఖ మానసిక వైద్యశాలల చీటీ ఒక్కటున్నా అది సాక్ష్యమే.

రెండోది, తూకం ఎంతో పంచనామాలో చూసుకోవాలి. చిన్న తూకమైతే 64ఎ కింద దరఖాస్తు వెయ్యాలి. ఉచిత న్యాయ సహాయం కింద వచ్చిన ప్లీడరుకు ఈ సెక్షన్ గుర్తుచెయ్యడానికి మొహమాటపడకూడదు. ఇంటికెళ్లొచ్చని నేరం ఒప్పుకునే ముందు 39 కింద చికిత్స అడగవచ్చని నిందితుడికి చెప్పాలి.

మూడోది, మధ్య తూకం కేసుల్లో శిక్ష మీద వాదన. దోషి అని తేలాక శిక్ష ఎంతో వినిపించుకునే హక్కు 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 258వ సెక్షన్‌లో ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 235. చాలా కోర్టుల్లో ఇది "ఏమైనా చెప్పుకుంటావా?" "దయ చూపండి" అన్న రెండు మాటలతో అయిపోతుంది. ఆ రోజున వైద్యుడి రిపోర్టు, కుటుంబ స్థితి, పని దొరికే అవకాశం, సరుకు ఎవరిచ్చారన్న సంగతి కాగితం మీద పెట్టాలి. కనీస శిక్ష లేని చోట జడ్జికి చెయ్యి ఆడుతుంది. కారణాలు చూపిస్తేనే ఆడుతుంది.

పెద్ద డిమాండ్లు కూడా ఉన్నాయి. 39వ సెక్షన్‌ను చిన్న తూకం గీత దగ్గర ఆపెయ్యకుండా మధ్య తూకానికి పెంచాలి. శిక్ష తగ్గించే అంశాలను కూడా చట్టంలో రాయాలి, అందులో వ్యసనం మొదట ఉండాలి. పొడి బరువు కాదు, మందు బరువు తూయాలి. సొంత వాడకాన్ని నేరం కాకుండా చెయ్యాలని 2021లో కేంద్ర సామాజిక న్యాయ శాఖే రెవిన్యూ శాఖకు సూచించింది. సూచన మంచిదే గానీ చాలదు. వాడకానికి మాత్రమే మినహాయింపు ఇస్తే, కొనుక్కుని వాడే స్థోమత ఉన్నవాడు బయటపడతాడు. కొనలేక, అమ్మి వాడుకునేవాడు లోపలే ఉంటాడు. ఆ గీత ఎవర్ని ఎటువైపు పెడుతుందో చూసుకోకుండా మనం దానికి చప్పట్లు కొట్టకూడదు.